మధ్యాహ్నం సంచి

"ఇయ్యాల వనజను ఎవ్వరు పిలవద్దు. దవాఖానోళ్ల పరీక్ష ఉంది" అని తల్లి ముత్యమ్మకు గట్టిగా చెప్పి, దశరథ్ కాజీపల్లిలోని మందుల కంపెనీకి డ్యూటీకి వెళ్లాడు. ఆమె సరేనంది. కోడలి మాటకు లేని విలువ దవాఖాన మాటకు ఉంది మరి.

కిడ్నీలు చెడిపోయాక వనజ కడుపులోకి గొట్టం వేశారు. రోజుకు నాలుగుసార్లు సంచిలోని మందునీళ్లు ఎక్కించుకోవాలి. అవి కొన్ని గంటలు లోపలుండి రక్తంలోని చెడును లాక్కున్నాక దించేయాలి. ఈ డయాలసిస్ ఒంటికి సరిపోతోందో లేదో తేల్చడానికి ఒక రోజంతా దిగిన నీళ్లు, మూత్రంతో సహా పట్టి తెమ్మన్నారు.

ఎంత హాయి రోజది! తలుపేసుకుని, చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని, మేకుకు సంచి తగిలించి కూర్చుంది. మధ్యాహ్నం వేళ తన ఇంట్లో ఎండ ఎక్కడ పడుతుందో మొదటిసారి చూసింది. వంట అత్తే చేసింది. పప్పు మాడింది, అయినా అందరూ తిన్నారు.

మామూలు రోజుల్లో మధ్యాహ్నం సంచి ఎక్కించుకునే వేళకే దశరథ్ తిండికి ఇంటికొస్తాడు. "నీళ్లు మార్చుడే గదా, జెర ఆగి చేస్కో. ముందుగాల వానికి అన్నం పెట్టు" అంటుంది ముత్యమ్మ. అన్నం, గిన్నెలు, నల్లా నీళ్లు, ఆరిన బట్టలు. ఆగి ఆగి ఆ సంచి ఎక్కనే ఎక్కదు. మిగిలిన సంచులు మంచం కింద పేరుకుంటున్నాయి, వంగి ఊడ్చేది వనజే కాబట్టి ఇంకెవరికీ కనబడవు. సాయంత్రానికి కాళ్లు ఉబ్బుతాయి. పని చేస్తే ఎవరికి ఉబ్బవని ముత్యమ్మ తేల్చేస్తుంది. వనజ కూడా అదే నమ్మడం అలవాటు చేసుకుంది.

వారం తర్వాత పటాన్‌చెరు దవాఖానలో నర్సు అరుణ ఫలితం చూసి నవ్వింది. డయాలసిస్ చక్కగా సరిపోతోంది, ఇలాగే కానివ్వమంది. దశరథ్ మొహం వెలిగింది. ఇంటిపనంతా చేసుకుంటూనే ఎంత బాగుందో చూడమని భార్యను మెచ్చుకున్నాడు.

వనజ ఆలోచనలో పడింది. ఊరుకుంటే ఇంట్లో అందరికీ సుఖమే, తన ఒంట్లో చెడు మాత్రం నిండుతూ పోతుంది. చెబితే నలుగురిలో మొగుడి పరువు పోతుంది. కానీ ఆ ఒక్కరోజు హాయిని రుచి చూశాక ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

"మేడం, ఆ ఒక్కదినమే నాకు ఎవ్వరు పని చెప్పలే. మిగతా దినాలు మధ్యాన్నం సంచి ఎక్కించుకుంటలేను."

అరుణ తిట్టలేదు. అయితే ఈ ఫలితం ఆ ఒక్క రోజుదేనంది. రోజూ నాలుగు సంచులూ పడకపోతే ప్రాణానికే ముప్పని దశరథ్ వైపు తిరిగి చెప్పింది.

ఆటోలో ఇంటికి బయలుదేరారు. సగం దారిలో దశరథ్ మెల్లగా అడిగాడు. "మరి మధ్యాన్నం తిండి ఎట్ల?"

ఈ మాటకు ఏడుపొస్తుందనుకుంది వనజ. రాలేదు. చాలా తేలిగ్గా ఉంది.

"గప్పుడు నేను సంచి ఎక్కించుకుంట. నీళ్లు మారెదాంక తలుపు తియ్య" అంది. "మీరు వండుకోని తినుండ్రి. నాకు గూడ ఇంత మూత పెట్టి ఉంచుండ్రి."