బాదం వాసన వేసే సీసా

మా ల్యాబులో పరీక్ష రోజున ఒక్కొక్కరికీ ఒక్కో సీసా ఇస్తారు. దాని మీద పేరు ఉండదు, నంబరు మాత్రం ఉంటుంది. లోపలున్నదేమిటో వాళ్లే తేల్చి చెప్పాలి. నేను అక్కడ గాజు సామాను కడుగుతాను. నా సింకు చివరి బల్ల పక్కనే.

ఆ రోజు చివరి బల్ల దగ్గర సార్ మేనకోడలు నిలబడింది. ఇంట్లో మామయ్య, ల్యాబులో సార్. పోయినసారి ఆమెను ఫెయిల్ చేసింది ఆయనే. ఈసారీ తప్పితే ఏడాది పోయినట్టే. పాసైతే మామయ్య చలవ అనేవాళ్లు కాచుకుని ఉన్నారు.

ఆమెకు వచ్చిన సీసాలో నూనెలాంటి ద్రవం ఉంది. మూత తీస్తే బాదం వాసన. అది ఆల్డిహైడ్ జాతి పదార్థమని వాసనే చెబుతోంది. పరీక్ష మందు కలిపితే నారింజ రంగు మడ్డి దిగింది, అదీ ఆ మాటే చెప్పింది. కానీ వంటసోడా నీళ్లు పోయగానే బుసబుసా పొంగింది. అలా పొంగితే ఆసిడ్. ఒక సీసాలో ఒకటే పదార్థం ఉంటుందని రూలు. జవాబు కాగితంలో గడీ ఒకటే.

పొద్దున రెండు బ్యాచీల్లో ఇదే సీసా వచ్చిన ఇద్దరు ఆసిడ్ అని రాసి తప్పారు. ఆ సంగతి ఆమె చెవిన పడింది. ఆల్డిహైడ్ అని రాసేసి ఇంటికి పోవచ్చు. నేనైతే అదే చేసేదాన్ని. ఆమె మాత్రం సీసాను వెలుగుకు ఎత్తి చూసింది. మూతి చుట్టూ తెల్లటి పొడి పేరుకుని ఉంది. ఇదెక్కణ్నుంచి వచ్చిందని తనలో తనే గొణుక్కుంది.

ద్రవాన్ని సోడా నీళ్లతో బాగా కుదిపి, గరాటులో నిలబెట్టి, నూనె పొరనూ నీటి పొరనూ విడదీసింది. నూనె పొర ఇక పొంగలేదు, బాదం వాసన మాత్రం వదల్లేదు. నీటి పొరలో ఘాటు ఆసిడ్ చుక్కలు వేస్తే తెల్లటి పలుకులు దిగాయి. ఆరబెట్టి వేడి చేస్తే, సరిగ్గా బెంజోయిక్ ఆసిడ్ కరిగే వేడి దగ్గరే కరిగాయి.

ఒక్క గడిలో ఇరికించి రాసింది: బెంజాల్డిహైడ్, అందులోంచి పుట్టిన బెంజోయిక్ ఆసిడ్.

సార్ ముఖం ముడుచుకున్నాడు. తను నింపినప్పుడు సీసాలో ఒకటే ఉందన్నాడు.

"ఒకటే మామయ్యా... సార్. తర్వాత రెండైంది. మూత వదులుగా ఉంది, గాలి తగిలి కొంత ఆసిడైంది."

ఆయన మూత తిప్పి చూశాడు. పాస్ అని సంతకం పెట్టి, పొద్దున తప్పిన ఇద్దరినీ పిలవమన్నాడు. వాళ్లకు కొత్త సీసాలిస్తాడట.

పక్క బల్ల దగ్గర ఒకడున్నాడు. ప్రతిదానికీ వాదిస్తాడని అందరూ వాణ్ణి వకీలు అంటారు. వాడు ఊరుకుంటాడా? మేనకోడలి తరఫున గాలి కూడా సాక్ష్యం చెబుతుందన్నాడు. అందరూ నవ్వారు. ఆమె ముఖం మాడిపోయింది.

సార్ మండిపడతాడనుకున్నాను. ఆయన బీరువాలోంచి సీలు తీయని సీసా తెచ్చి వకీలు చేతిలోనే పెట్టాడు.

"నువ్వే తియ్యి. నువ్వే చూడు, పొంగుతుందో లేదో."

పొంగలేదు. ఆ ద్రవమే నాలుగు చుక్కలు గాజు పళ్లెంలో వేయించి, కిటికీ దగ్గర పెట్టించాడు.

భోజనాలకు వెళ్లమన్నా ఒక్కరూ కదల్లేదు. వకీలు కుర్చీ లాక్కుని, ముక్కు పళ్లేనికి ఆనించినంత పని చేశాడు. మేనకోడలు వాడి భుజం మీంచి తొంగి చూస్తోంది. నేనూ చేతులు తుడుచుకుని వెళ్లాను.

చాలాసేపటికి వకీలే నోరు తెరిచాడు.

"సార్, అంచు తెల్లబడుతోంది."

మేనకోడలు సోడా నీళ్లు తెచ్చి వాడి చేతికిచ్చింది.

"వెయ్యి మరి," అంది.