మొలతాడు దొంగది, దారం దొంగది

మదనపల్లె హెల్త్ క్యాంపులో ఇచ్చిన కాగితాన్ని హరినాథ్ లామినేషన్ చేయించి, పెళ్లాం కుట్టుమిషన్ ఎదుట గోడకు తగిలించాడు. ఎత్తు, బరువు, బీఎంఐ, పక్కన పచ్చసిరాతో 'నార్మల్'. దేవుడి పటానికైనా అంత భక్తిగా మేకు కొట్టలేదు మహానుభావుడు.

ఆ కాగితాన్ని చూస్తేనే నవనీతకు ఒళ్లు మండేది. పుంగనూరులో పదహారేళ్లుగా ప్యాంట్లు కుడుతున్న మనిషి ఆమె. మొగుడికి కాళ్లూ చేతులూ పుల్లలు, నడుమ మాత్రం బాన. వాళ్లన్న గురుమూర్తిదీ అదే ఒళ్లు. నిరుడు బస్టాండులో గుండె పట్టుకుని కూలిపోయాడు, మళ్లీ లేవలేదు. షుగరు ఉన్న సంగతి ఆయనకే తెలీదు. అప్పటినుంచీ రక్తపరీక్షకు రమ్మని ఈయన కాళ్లావేళ్లా పడుతోంది. ఇప్పుడీ కాగితమొకటి అడ్డం కూర్చుంది. బరువెంతో చెబుతుంది సరే, కొవ్వు ఎక్కడ చేరిందో చెబుతుందా? గుడ్డి లెక్క!

ఆదివారం కుప్పం నుంచి ఆమె తమ్ముడు గంగులప్ప వచ్చాడు. గ్రానైట్ యార్డులో రాళ్లెత్తే వాడికి అదే క్యాంపులో 'ఓవర్ వెయిట్' అని రాసిచ్చారు.

"దూరంగా కూసో బావమర్దీ, మంచం ఇరుగుతాది. నీది ఓవరు, మాది నార్మలు" అని పకపకా నవ్వాడు హరినాథ్.

నవనీత దారపుండ అందుకుంది. "లెయ్ రా గంగులా! మన ఎత్తు దారం తీసి సగానికి మడిస్తే బొడ్డు సుట్టూ రావాలంట. రాకపోతే పరీచ్చకు పోవాలని నర్సు వసుధమ్మ సెప్పింది."

గంగులప్పకు దారం చుట్టూ వచ్చి ఇంకా కాస్త మిగిలింది. హరినాథ్‌కు ఆరంగుళాలు తక్కువైంది. వెంటనే పొట్ట లోపలికి పీల్చాడు.

"బిగపట్టు, బాగా బిగపట్టు. ఎంతసేపుంటావో నేనూ సూస్తా."

ఎంతసేపుంటాడు? ఊపిరి వదిలేసరికి దారం కొసలు రెండూ ఆమె వేళ్లలోంచి జారిపోయాయి.

"దారం కురచగా ఉండాది" అన్నాడు. "నువ్వు తెచ్చే మొలతాళ్లూ అంతే. ఏడాదికి మూడు మారుస్తాండా, ఒక్కటీ సాలదు. అంగడోడు మోసం చేస్తాండాడు."

"ఔనౌను! మొలతాడు దొంగది, దారం దొంగది, నా టేపూ దొంగదే. ఆ కాగితమొక్కటే నిజం పలికే దేవుడు!"

కొలతల పుస్తకం తెచ్చి అతని ఒళ్లో పడేసింది. "ఇది మీ అన్నకు కుట్టిన ఆకరి ప్యాంటు. నడుము ముప్పై ఎనిమిది. కింద, మొన్న మంగళారం నీకు తీసిన కొలత. సదువు."

హరినాథ్ చదివాడు. రెండో అంకె కూడా ముప్పై ఎనిమిదే.

మర్నాడు పొద్దున ఆమె కాఫీ కలపబోతే హరినాథ్ వద్దన్నాడు. "పరగడుపునే కదా రమ్మనేది?"

నవనీతకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే మళ్లీ బెట్టు చేస్తాడని, మొహం తిప్పుకుని తిట్టింది. "ఆ పటం గూడా సంకలో పెట్టుకో. డాక్టరుకు సూపిద్దువు."