పుట్టిల్లయిన గింజల కొట్టు

నేను ఒక గదిని. పెద్ద గదినేమీ కాను. నాలుగు మంచాలు వేస్తే ఐదో మంచానికి చోటుండదు. చెయ్యేటి ఒడ్డున, గుండ్లేటిపల్లె దాటాక, మామిడి తోటల నడుమ ఒకప్పుడు బాలల ఆశ్రమం ఉండేది. అందులో ఈనాటికి నిలిచి ఉన్నవి రెండే కట్టడాలు. ఒకటి భోజనశాల, రెండోది నేను. భోజనశాలకు ముందువైపు పాలరాతి పలక ఉంది. దాని మీద కట్టించిన పెద్దల పేర్లు వరసగా ఉన్నాయి. నా మీద ఎవరి పేరూ లేదు. గింజల కొట్టుకు పేరు చెక్కించుకోవాలని ఎవరికుంటుంది?

అవును, నన్ను కట్టింది రాగులూ వేరుశనక్కాయలూ చింతపండూ దాచుకోవడానికి. అది కరువు కాలం. వరసగా వానలు తప్పడంతో ఊరి బయట గంజి పోసే పందిరి వెలిసింది. అక్కడికి వచ్చిన తల్లిదండ్రుల్లో కొందరు పని వెతుక్కుంటూ దూరదేశం వెళ్లిపోయారు. కొందరు ఎక్కడికీ వెళ్లకుండానే పోయారు. పిల్లలు మాత్రం పందిరి కింద మిగిలారు. ఆ పందిట్లో రోగులకు మందులిచ్చిన జ్ఞానసుందరమ్మ వాళ్లను విడిచి ఇంటికి వెళ్లలేకపోయింది. ఆస్పత్రిలో ఏళ్ల తరబడి పురుళ్లు పోసి, ఉద్యోగం విరమించిన మనిషి ఆమె. భర్త లేడు, పిల్లలు లేరు. ఊరంతా ఆమెను నర్సమ్మ అనేవాళ్లు. పిల్లలు మాత్రం 'అమ్మ' అన్నారు, ఎవరూ నేర్పకుండానే.

టౌనులోని పెద్దమనుషులు కొందరు కమిటీగా కూడి స్థలం ఇప్పించారు. మగపిల్లలకొక పొడవాటి సాల, ఆడపిల్లలకొక సాల, మధ్యలో భోజనశాల లేచాయి. సాలలు రెండింటికీ మట్టిగోడలూ పెంకుల కప్పూ. నా విషయంలో మాత్రం ఎలుకలకు భయపడ్డారు. రాతి గోడలు కట్టి, నేల మీద కడప బండలు పరిచి, పైన కూడా బండలే వేసి సున్నం పోశారు. పిల్లల మీద కన్నా గింజల మీద ఎక్కువ శ్రద్ధ చూపినట్టు కనిపిస్తుంది కానీ, కరువు చూసిన వాళ్లకు ఆ రెండూ వేరు కావు.

ఆ పిల్లల్లో పెంచలమ్మ అనే పాప నాకు బాగా దగ్గర. తలుపు సందులోంచి దూరి, బస్తాల వెనక కూర్చుని చింతపండు చీకేది. వంటామె అరిచినప్పుడు బయటికి వచ్చి, పుల్లగా మూతి పెట్టుకుని, "నేను కాదు" అనేది. అలాంటి పాప పెరిగి పెద్దదయింది. చెన్నయ్య అనే వడ్రంగి కుర్రవాడికిచ్చి భోజనశాలలోనే పెళ్లి చేశారు. నర్సమ్మ ఆరోజు చాలా హుషారుగా తిరిగింది. బండి కదిలాక మాత్రం ఉప్పు తీసుకోవాలని నా లోపలికి వచ్చి, ఉప్పు తీసుకోకుండా చాలాసేపు నిలబడింది.

ఏడాది తిరిగింది. ఒక మధ్యాహ్నం పెంచలమ్మ చంకలో మూటతో, నిండు కడుపుతో, ఒంటరిగా నడిచి వచ్చింది. నర్సమ్మ నా గడప మీద కూర్చుని రాగులు చెరుగుతోంది.

"ఏమే, ఒక్కదానివే వొచ్చినావు? చెన్నయ్య యాడ?"

"పనికి పోయినాడు మా." పెంచలమ్మ మూట దించలేదు. "తొలి కాన్పు పుట్టింట్లోనే కావల్లంట. ఆడపిల్లను పిల్చుకపోయి పురుడు పోసేది అమ్మగారోళ్ల ఆచారమంట. నీకు పిల్చేదానికి ఎవురుండారే అని మా అత్త పొద్దస్తమానం అంటాది. నిన్న బోరింగు కాడ అందురి ముందరా అనింది."

"నువ్వేమన్యావు?"

"మా అమ్మ రమ్మని కబురంపింది, పోతాండా అన్యా. అబద్ధం చెప్పినా మా."

నర్సమ్మ చేట పక్కన పెట్టి లేచింది. మూట తన చేతిలోకి తీసుకుంది. "అబద్ధం యాడుంది దాంట్లో? కబురు చేసేకి నాకే రవంత ఆలస్యమైంది. రా, కాళ్లు కడుక్కో."

ఆ సాయంత్రమే నాలోని బస్తాలన్నీ భోజనశాల మూలకు తరలిపోయాయి. పిల్లలు నీళ్లు మోసి నన్ను కడిగారు. సున్నం కొట్టారు. గాలి రావాలని ఉత్తరపు గోడకు కిటికీ పొడిచారు. రాతి గోడకు అది చిన్న నొప్పి కాదు. కానీ ఆ కిటికీలోంచే నేను మొదటిసారి మామిడి చెట్లను చూశాను.

సంగతి తెలిసి కమిటీ పెద్ద రాఘవులయ్య వచ్చాడు. మంచివాడే కానీ, లెక్క తప్పితే ఓర్చుకోలేడు.

"ఇది పిల్లోళ్ల ఆశ్రమమా, కాన్పుల ఆస్పత్రా నర్సమ్మా? పెండ్లి చేసి పంపిచ్చినాక మన బాధ్యత తీరిపోయినట్టే గదా."

"మీ పాపకూ పెండ్లి చేసినారు. తీరిపోయిందా సామీ?"

ఆయన కూతురు అప్పుడు కాన్పుకు వచ్చి ఆయన ఇంట్లోనే ఉంది. రాఘవులయ్య ఉత్తరీయం సర్దుకుని వెళ్లిపోయాడు. తర్వాతి వారం ఒక నులక మంచం వచ్చింది. ఎవరు పంపారో తెచ్చినవాడు చెప్పలేదు. కానీ మంచం కోడు మీద ఆయన ఇంటిపేరు చెక్కి ఉంది. మనుషులు మంచితనాన్నయినా దాస్తారు కానీ, పేరు చెక్కించుకునే అలవాటును దాచలేరు.

ఆ మంచం మీదే, తెల్లగా ఎండ కాస్తున్న పూట, పెంచలమ్మకు ఆడపిల్ల పుట్టింది. అంతవరకూ నేను విన్నవి చేటల చప్పుడూ ఎలుకల గోకుళ్లూ. పసిపాప ఏడుపు రాతి గోడకు తగిలితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. బయట ఆశ్రమం పిల్లలంతా గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్లలో చాలామందికి తాము ఎక్కడ పుట్టారో, పుట్టినప్పుడు ఎవరైనా సంతోషించారో లేదో తెలియదు. నర్సమ్మ బిడ్డను గుడ్డలో చుట్టుకుని గడప దాకా తెచ్చి చూపించింది. అందరూ ఒక్కసారిగా అరిచేసరికి బిడ్డ ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఉయ్యాలలో వేసే రోజు అత్తగారు ఓబులమ్మ వచ్చింది. వేపాకు నీళ్ల స్నానం, సాంబ్రాణి పొగ, బాలింత కాయం, వెల్లుల్లి కారం అన్నీ సరిగానే ఉన్నాయో లేదో కళ్లతోనే తనిఖీ చేసింది. తప్పు ఏదీ దొరకలేదు. అయినా వదల్లేదు.

"అన్నీ సరే. మేనమామ ఎవురు? ఉయ్యాల పట్టేకి మేనమామ ఉండల్ల గదా!"

పెంచలమ్మ ముఖం వాడిపోయింది. అంతలో కిటికీ దగ్గర నిలబడ్డ పొట్టి కుర్రవాడు ఒకడు చెయ్యెత్తాడు. "నేనుండా." వెనక నుంచి ఇంకొకడు, "వాడు కాదు, నేను పెద్దోన్ని" అన్నాడు. చూస్తూ ఉండగానే మగపిల్లల సాల మొత్తం నా గుమ్మంలో ఇరుక్కుంది. ఉయ్యాల తాడు కోసం తోపులాట. ఓబులమ్మ కొంచెంసేపు బిగుసుకుని చూసి, చివరికి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. "ఇంతమంది మేనమామలు రాజుల ఇంట్లో కూడా ఉండరు తల్లీ" అంది.

రెండేళ్ల తర్వాత అదే ఓబులమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి లోపలికి రాకుండా మామిడి చెట్టు కింద నిలబడిపోయింది. పక్కన నిండు కడుపుతో ఆమె సొంత కూతురు. ఆ పిల్లకు అంతకుముందు రెండు కాన్పులూ ఓబులమ్మ ఇంట్లోనే జరిగాయి. రెండుసార్లూ బిడ్డ దక్కలేదు. రెండో కాన్పుకు వచ్చిన పెంచలమ్మ అప్పుడు నా లోపలే ఉంది. నర్సమ్మ కిటికీలోంచి అత్తనూ ఆడబిడ్డనూ చూసి, పెంచలమ్మ వైపు తిరిగింది.

"ఏమంటావే? నీ గది. నువ్వే చెప్పు."

అత్త అన్న మాటలన్నీ తిప్పి అనడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నేను కూడా ఎదురు చూశాను. పెంచలమ్మ నడుం పట్టుకుని మెల్లగా లేచి, గుమ్మంలోకి వెళ్లింది.

"ఎండలో ఏమిటికి నిలబడినావత్తా? వదినను తీసకరా. మా అమ్మ నీళ్లు కాగబెడతాండాది."

ఆ కూతురికి మగబిడ్డ పుట్టాడు, బతికాడు. ఆరోజు ఓబులమ్మ నా గడప మీద కూర్చుని ఏడ్చిన ఏడుపులో సంతోషమెంతో సిగ్గెంతో నేను చెప్పలేను.

తర్వాత ఏళ్ల తరబడి నాకు ఖాళీ లేదు. ఆశ్రమంలో పెరిగి అత్తవారింటికి వెళ్లిన పిల్లలంతా వరసగా వచ్చారు. అందరి మధ్యా అంతా బాగుండేదని అనను. ఉయ్యాల కోసం, వేడినీళ్ల కోసం పోట్లాడుకున్నారు. అత్తల మీద చాడీలు చెప్పుకున్నారు. నర్సమ్మ చేతి పత్యం చప్పగా ఉందని మూతులు ముడిచారు. కన్నవారింట్లో కూతుళ్లు చేసేవన్నీ చేశారు. రానురాను పెద్దాస్పత్రులు వచ్చాయి, కాన్పులు అక్కడికి మారాయి. అయినా బిడ్డతో నేరుగా నా దగ్గరికే వచ్చి, మూడో నెల దాకా ఉండి వెళ్లేవాళ్లు.

నర్సమ్మకు వయసు మీద పడింది. ఒకసారి జారి పడి తుంటి విరిగింది. నెల్లూరు నుంచి ఆమె అన్న కొడుకు కారు వేసుకొచ్చాడు. "అత్తా, నాతో రా. ఇక్కడ నిన్నెవరు చూస్తారు?" అన్నాడు. నర్సమ్మ జవాబు చెప్పకముందే పెంచలమ్మ సంచితో గుమ్మంలో కనిపించింది. ఆమె వెనక ఆశ్రమంలో పెరిగిన ఇంకో ఇద్దరు. "మేం వంతులు పెట్టుకున్యాం సార్, మీరు నింపాదిగా కాఫీ తాగి పోండి" అంది.

ఆమెను నాలోకే తెచ్చారు. నులక మంచం మీద పడుకోబెట్టారు. ఒకరు వెళ్తే ఒకరు వచ్చారు. ఎందరో బాలింతలకు తలంటిన నర్సమ్మకు వాళ్లు వేపాకు నీళ్లతో ఒళ్లు తుడిచారు, తల దువ్వారు, మెత్తగా కలిపి ముద్దలు తినిపించారు. ఆమె గదమాయించేది. "పసిబిడ్డననుకున్యారా నన్ను?"

"గమ్మునుండు మా. పెద్దోళ్లకు ఎదురు చెప్పగూడదు" అనేది పెంచలమ్మ.

మామిళ్లు పూతకొచ్చిన రోజుల్లో, పొద్దున గంజి తాగుతూ తాగుతూ, నర్సమ్మ కన్నుమూసింది. పెంచలమ్మ గిన్నె పక్కన పెట్టి, ఆమె పెదవులు తుడిచి, ఆ తర్వాత ఏడ్చింది.

ఆశ్రమం ఇంకొన్నేళ్లు నడిచింది. సర్కారు హాస్టళ్లు వచ్చాయి. కమిటీలో పాతవాళ్లు పోయారు, కొత్తవాళ్లకు ఓపిక లేకపోయింది. చివరి పిల్లలు బస్సెక్కిన రోజున ప్రాంగణంలో వినిపించిన నిశ్శబ్దం నాకు అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది. వానలకు ఆడపిల్లల సాల కూలింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మగపిల్లల సాల పోయింది. భోజనశాలలో వేరుశనక్కాయల బస్తాలు నింపారు. నాలో నీటిపైపులూ పురుగుమందు డబ్బాలూ చేరాయి. రాతి మిద్దెను కనుక కూలిపోలేదు. ఎలుకల పుణ్యమని ఒప్పుకోవాలి.

పోయిన ఏడు తోటతోపాటు మా స్థలాన్నీ మహేశ్వరరెడ్డి అనే యువకుడు కొన్నాడు. భోజనశాలను మామిడికాయలు మాగబెట్టేందుకు ఉంచుకుంటానన్నాడు. నన్ను మాత్రం తీసేయాలనుకున్నాడు. లారీ తిరగడానికి అడ్డమట. మట్టి తోడే యంత్రం వచ్చి నిలబడింది. కబురు ఎవరు చేరవేశారో, పెంచలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. నడుం వంగింది, జుట్టు దూదిలా ఉంది.

"ఏముందవ్వా దీంట్లో? పైపులు తప్ప ఏం లేవు" అన్నాడు అతను, కసురుకోకుండానే.

"నా పుట్టిల్లు నాయనా."

అతను నవ్వాడు. "నీకు ఎనభై దగ్గరకొచ్చినాయి గదవ్వా. ఈ వయసులో పుట్టింటికొచ్చి ఏం జేస్తావు?"

"ఏం జేస్తారు? రెండు దినాలుండి పోతారు."

అతను ఆమెను చూశాడు, నన్ను చూశాడు. యంత్రం వాడికి చెయ్యి ఊపి, లారీని అటువైపు నుంచి తిప్పుకొమ్మన్నాడు. పైపులు కూడా సాయంత్రానికి బయటికి తీయించాడు.

ఇప్పుడు పెంచలమ్మ వీలైనప్పుడల్లా వస్తుంది. వచ్చి నేల ఊడుస్తుంది, కిటికీ తెరుస్తుంది. ఇంట్లో కోడళ్లు, మనవళ్లు, కోళ్లు, పొయ్యి, ఎవరో ఒకరు ఆమెను పిలుస్తూనే ఉంటారట. ఇక్కడ చెంగు పరుచుకుని చల్లటి బండల మీద పడుకుంటుంది. చూస్తూ ఉండగానే నిద్రపోతుంది. ఎండ కిటికీలోంచి మెల్లగా జరుగుతుంది. తోటలో ఎవరో కాయలు కోస్తుంటారు. పొద్దు వాలినా నేను చప్పుడు చెయ్యను. పుట్టింటికొచ్చిన ఆడపిల్లను ఎవరూ నిద్ర లేపరు.