అమ్మో అక్క బండి

పొద్దున్నే బండి తీసే ముందు అమ్మో అక్క పడే తంటాలు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ముందు నాలుగు టైర్లనూ కాలితో తట్టి చూస్తుంది. వంగి, కింద నూనె కారిందేమోనని నేలంతా వెతుకుతుంది. బండి ఆన్ చేసి, వెనక సీటు పక్కనున్న జాలీకి అరచెయ్యి అడ్డం పెట్టి, లోపలి ఫ్యాను గాలి పీలుస్తోందో లేదో చూస్తుంది. తీరా అంతా అయ్యాక, గ్యాస్ కట్టేశానో లేదోనని ఇంట్లోకి పరిగెడుతుంది. కట్టేసే ఉంటుంది. తలుపు తాళం సరిగ్గా పడిందో లేదోనని గేటు దగ్గర్నుంచి మళ్ళీ వెనక్కొస్తుంది. పడే ఉంటుంది. అప్పుడు సీట్లో కూలబడి, "అమ్మో, ఆలస్యమైపోయింది!" అంటుంది. వీధి వీధంతా ఆవిణ్ణి అమ్మో అక్క అనడం ఊరికే కాదు మరి.

ఆవిడ పని కూడా అలాంటిదే. నాలుగైదు క్లినిక్కులు తిరిగి, పరీక్షకు తీసిన రక్తం సీసాలు చల్లపెట్టెలో పెట్టుకుని, ఊరవతల ల్యాబులో అప్పజెప్పి రావాలి. ఆ పెట్టెను పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు కూడా పెడుతుంది. ఏ సీసా పగిలిపోతుందో, ఏది వేడెక్కి పాడవుతుందో, ఎవరి ఫలితం తారుమారవుతుందో అని గుండె గుప్పెట్లో పెట్టుకుని నడుపుతుంది. ఎదురుగా లారీ వస్తే భయం, రాకపోతే ఎక్కడ మలుపులో దాక్కుందోనని భయం.

ఇవన్నీ చిల్లర భయాలు. అసలు భయం ఒకటే, ఆవిడ మొగుడు. ఆయన ఫ్యాక్టరీ పొగగొట్టాలకు రంగులు వేస్తాడు. మేఘాల్లోకి పోయే గొట్టం మీద నడుముకు ఒక్క తాడు కట్టుకుని, చేతిలో బ్రష్షు పట్టుకుని, పాట పాడుకుంటూ వేలాడతాడు. అందరూ గొట్టాలాయన అంటారు. దేవుడు భయం అనే పదార్థం పంచుతున్నప్పుడు ఆ మనిషి వరసలో నిలబడనేలేదు. ఆయన వాటా కూడా ఈవిడే తెచ్చుకుంది.

"రెండో తాడు కూడా కట్టుకోండీ. ఒకటి తెగితే ఇంకోటి పట్టుకుంటుంది," అని పెళ్ళైన కొత్తలోనే ఒక మంచి తాడు కొని తెచ్చింది.

"రెండు తాళ్ళు కట్టుకుంటే చెయ్యి ఆడదే పిచ్చిదానా. దాన్ని పెరట్లో కట్టి బట్టలు ఆరేసుకో."

ఎన్నిసార్లు అడిగినా అదే మాట. అడిగీ అడిగీ విసుగొచ్చి, ఒకరోజు ఆ తాడు నిజంగానే పెరట్లో కట్టేసింది. ఆయన చొక్కాలు దానిమీద ఆరేసినప్పుడల్లా, ఖాళీ చొక్కా గాలికి ఊగుతుంటే చూడలేక లోపలికి వచ్చేసేది.

ఇక బండి సంగతి. అది రెండు చేతులు మారి వచ్చిన, పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే పాత హైబ్రిడ్ కారు. కొన్న వారంలోనే ముందు తెరమీద ఎర్ర దీపం వెలిగింది. "అమ్మో, పేలిపోతుందేమో!" అని ఆవిడ దిగి రోడ్డు మీద నిలబడిపోయింది. చివరికి మొగుడూ పెళ్ళాం దాన్ని గ్లౌజుల మేస్త్రి షెడ్డుకు చేర్చారు. మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు లేకుండా ఆయన హైబ్రిడ్ బండిని ముట్టుకోడు. టీ కూడా వాటితోనే తాగుతాడని పక్క షెడ్డువాళ్ళు ఏడిపిస్తారు.

మేస్త్రి వెనక సీటు ఊడదీసి, ముందు బ్యాటరీ పక్కనున్న ప్లగ్గు ఒకటి లాగి జేబులో వేసుకున్నాడు. "ఇది నా జేబులో ఉంటేనే నేను లోపల చెయ్యి పెడతా అక్కా. తీసినవాడి జేబులోనే ఉండాలి, బల్ల మీద పెట్టకూడదు. ఇంకొకడు చూసుకోకుండా పెట్టేశాడంటే నా పని అయిపోయినట్టే." లోపలి కరెంటు దిగేదాకా కాసేపు ఆగి, అప్పుడు మూత తీశాడు. లోపల నారింజ రంగు తీగలు పాముల్లా చుట్టుకుని ఉన్నాయి. గొట్టాలాయన "ఇదేంటి?" అంటూ వేలు పెట్టబోయాడు. అమ్మో అక్క కేక పెట్టింది. మేస్త్రి ఆయన చేతిమీద ఒక్కటిచ్చాడు.

"బావా, నీకు చావంటే సరదానా?"

"ప్లగ్గు నీ జేబులోనే ఉందిగా!" అని ఆయన నవ్వాడు.

చల్లబరిచే ఫ్యాను జాలీ నిండా పిల్లి వెంట్రుకలు ఉన్నాయి. పాత యజమాని పిల్లి ఆ సీట్లోనే పడుకునేదట. గాలి ఆడక బ్యాటరీ ఉడికిపోయింది. మేస్త్రి జాలీ కడిగాడు. రాగి పట్టీలకు పట్టిన పచ్చటి చిలుమును గీకి గీకి మెరిపించాడు. బ్యాటరీలో చచ్చిపోయిన ముక్కలు తీసి మంచివి పెట్టాడు. అంతా బిగించి ప్లగ్గు పెట్టాక, అమ్మో అక్కను స్టీరింగు ముందు కూర్చోమన్నాడు. ఆవిడ వణుకుతూ కూర్చుంది. తెరమీద బ్యాటరీ బొమ్మలో రెండే గళ్ళు వెలుగుతున్నాయి. బండి నిలబడే ఉంది, ఇంజను ఆగే ఉంది. అయినా మూడో గడి వెలిగింది. తరవాత నాలుగోది.

మేస్త్రి మీటరు పెట్టి చూసి, తల ఊపాడు. "భయం ఎక్కుతోంది అక్కా. మామూలుగా ఈ బండి బ్రేకు తొక్కితే ఛార్జి అవుతుంది. దీనికి భయం కూడా పడుతుంది. కొన్ని పాత బ్యాటరీలు అంతే."

"అయితే మా ఆవిడ ఉండగా పెట్రోలుతో పనేంటి!" అన్నాడు గొట్టాలాయన.

"అలా అనకు బావా. ట్యాంకు ఎండబెడితే బండి పాడవుతుంది. అయినా ఏదో ఒక రోజు అక్కకు భయం వెయ్యలేదనుకో?"

"నాకా? భయం వెయ్యకపోవడమా?" అంది అమ్మో అక్క. ముగ్గురూ పడీపడీ నవ్వారు.

అలా ఏడాది గడిచింది. బండి చప్పుడు చెయ్యకుండా, పొగ వదలకుండా, ఆవిడ భయం మీదే ఊరంతా తిరిగింది. ల్యాబులో గేటుమనిషి కూడా "ఇవాళ ఎన్ని గళ్ళమ్మా?" అని అడిగేవాడు. వారానికోసారి ఆవిడ జాలీ తీసి బ్రష్షుతో దులిపేది, మేస్త్రి చెప్పినట్టు వెనక సీట్లో సంచులు పెట్టి గాలికి అడ్డం చెయ్యకుండా చూసుకునేది. ఆదివారం నాడు గొట్టాలాయన తీసుకెళ్తే మాత్రం ఇంజను బుర్రుమంటూ మోగేది. ఆయన కూర్చుంటే ఒక్క గడి కూడా ఎక్కేది కాదు, ఉన్నవి కూడా దిగిపోయేవి. పెట్రోలు తాగించేది ఆయన, పోయించాల్సింది ఎవరో ఇద్దరూ తేల్చుకోలేదు. ఆవిడ పోయిస్తుందిలే అని ఆయన, నాకు అక్కర్లేదుగా అని ఆవిడ. పెట్రోలు అయిపోతోందని పసుపు దీపం వెలుగుతూనే ఉంది. అన్నిటికీ భయపడే మనిషి ఆ ఒక్క దీపానికి మాత్రం భయపడలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం బట్టలు ఆరేస్తూ అమ్మో అక్క తాడు పట్టుకుని ఆగిపోయింది. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంది. ఎడమ చెయ్యి లాగేస్తోంది. చేతిలో తడి చొక్కా జారి నేలమీద పడింది. "ఏమండీ," అంది, అంతే. ఆయన పరిగెత్తుకొచ్చాడు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, దగ్గర్లో ఏదీ లేదు, రావడానికి చాలా సేపు పడుతుందన్నారు. ఆయన ఆవిణ్ణి రెండు చేతులతో ఎత్తుకెళ్ళి వెనక సీట్లో పడుకోబెట్టి బండి తీశాడు.

వీధి మలుపు తిరగకుండానే ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఆ పొద్దునే ఆయన ఊరు చుట్టి వచ్చాడు. ట్యాంకులో చుక్క లేదు. ఇక మిగిలింది బ్యాటరీలో ఉన్న మూడు గళ్ళు.

సీట్ల మధ్యనుంచి అమ్మో అక్కకు తెర కనిపిస్తూనే ఉంది. మూడు. పెద్ద రోడ్డు ఎక్కేసరికి రెండు. వంతెన ఎక్కుడు మొదలయ్యేసరికి ఒక్కటి, అదీ మినుకుమినుకుమంటోంది. బండి నడకలోకి దిగింది. వెనక వాహనాలు హారన్లు కొడుతూ పక్కనుంచి పోతున్నాయి.

"భయపడవే," అన్నాడాయన. "ఒక్కసారి భయపడు. రోజూ పడతావుగా!"

ఆవిడ ప్రయత్నించింది. నిజంగానే ప్రయత్నించింది. గ్యాస్ కట్టెయ్యలేదనుకుంది. కట్టెయ్యకపోతే ఏం, అనిపించింది. తలుపు బార్లా తీసి వచ్చారనుకుంది. లారీని తలుచుకుంది, పగిలిన సీసాలను తలుచుకుంది. ఒక్కటీ అంటుకోలేదు, తడిసిన అగ్గిపుల్లల్లా ఉన్నాయి. చివరికి ఎప్పుడూ గురి తప్పని భయాన్ని బయటికి తీసింది. గొట్టం మీదినుంచి ఆయన పడిపోతున్నట్టు ఊహించుకుంది. కానీ ఆయన ఎదురుగానే, సీట్లో, నేలకు జానెడు ఎత్తున కూర్చుని ఉన్నాడు. ఎక్కడ పడతాడు? ఆవిడకు హాయిగా అనిపించింది. ఇన్నేళ్ళుగా ఏది వస్తుందో ఏది వస్తుందో అని వణికింది, వచ్చింది ఇదేనా అనుకుంది. ఇక కాపలా కాయక్కర్లేదు.

"రావడం లేదండీ," అంది. "నిద్రొస్తోంది."

బండి వంతెన మధ్యలో ఆగిపోయింది.

ఆయన వెనక్కి తిరిగాడు. ఆవిడ ముఖం చూశాడు, నీలం తిరిగిన పెదాలు చూశాడు. ఆయన ముఖంలో రంగు మెల్లగా దిగిపోవడం, స్టీరింగు మీది చెయ్యి వణకడం ఆవిడ చూసింది. ఎంత ఎత్తునా వణకని చెయ్యి అది. కంటిచూపు మసకబారుతుంటే, ఆయన భుజం పక్కనుంచి తెర వైపు చూసింది. మినుకుమంటున్న గడి నిలకడగా వెలిగింది. రెండోది వెలిగింది. మూడు, నాలుగు, ఐదు, ఇక లెక్క అందలేదు. ఏడాదిగా ఒక్క గడి ఎక్కించలేని మనిషి ఒక్క క్షణంలో బ్యాటరీని నింపేశాడు.

"నిద్రపోకే," అన్నాడాయన. ఆ గొంతు ఆయనది కాదు, చీకటి గదిలో వదిలేసిన పిల్లాడిది. "నిద్రపోకు. నాకు భయమేస్తోంది."

బండి ముందుకు దూకింది. ఇంజను చప్పుడు లేకుండా, బాణంలా వంతెన దిగి, ఆసుపత్రి మెట్ల దగ్గరికి వెళ్ళి ఆగింది.

సమయానికి తెచ్చారన్నారు డాక్టర్లు. ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదన్నారు. గుండె నాళంలో అడ్డం తీసి, కొన్నాళ్ళు ఉంచుకుని, ఇంటికి పంపారు. మేస్త్రి చూడ్డానికి వచ్చి, ముందు ఇద్దర్నీ తిట్టి, తరవాత ట్యాంకు నిండా పెట్రోలు పోయించి వెళ్ళాడు.

ఆవిడ ఇంట్లో విశ్రాంతిగా ఉన్న ఆ నెలల్లో బండి గొట్టాలాయన చేతికి వచ్చింది. ఆయన మళ్ళీ పనిలోకి వెళ్ళాల్సిన రోజు పొద్దున పెరట్లో చాలాసేపు ఉన్నాడు. ఆవిడ కిటికీలోంచి చూసింది. ఆయన తాడుమీది తడిబట్టలు ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకుంటున్నాడు. ముడి విప్పి, తాడును గజం గజం వేళ్ళ మధ్య లాగి చూసుకుంటున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"ఇది ఎండకు చచ్చుబడిందే. దీన్ని నమ్మలేం." తాడును చుట్ట చుట్టి పక్కన పడేశాడు. "ఇవాళ పనికి వెళ్ళను. ముందు కొత్తది కొనుక్కొస్తా."

"రెండు తాళ్ళు కట్టుకుంటే చెయ్యి ఆడదన్నారు?"

"నెమ్మదిగా వేస్తాలే. గొట్టం ఎక్కడికి పోతుంది?"

ఆవిడ కళ్ళనీళ్ళు తుడుచుకుని, తడిబట్టలు అందుకుని కుర్చీల మీద ఆరేసింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు ఆయన చాలా ముందే ఇంటికి వచ్చాడు. తలనొప్పిగా ఉందన్నాడు. మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు. అమ్మో అక్క అలవాటు కొద్దీ బండి దగ్గరికి వెళ్ళి, జాలీ ఎలా ఉందో చూద్దామని ఆన్ చేసింది. తెరమీద గళ్ళన్నీ నిండి ఉన్నాయి. ఒక్కటి కూడా ఖాళీ లేదు. ఆ వంతెన రోజు తప్ప అలా నిండగా ఆవిడ ఎన్నడూ చూడలేదు. డిక్కీ తీసింది. తాళ్ళు రెండూ చుట్టి ఉన్నాయి. ఒకటి చివర తెగి, పోగులు పోగులుగా విచ్చుకుని ఉంది.

తెగిన కొసను వేళ్ళతో తడిమి చూసింది. తరవాత నెమ్మదిగా డిక్కీ మూసి లోపలికి వెళ్ళింది. ఆయన చొక్కా విప్పి తుడుచుకుంటున్నాడు. నడుము చుట్టూ తాడు ఒరుసుకుపోయిన గీత ఎర్రగా కమిలి ఉంది. ఆవిడ చూసింది. చూసిందని ఆయన చూశాడు. నూనె వెచ్చబెట్టి తెచ్చి రాసింది, కంచం పెట్టింది.

తింటూ తింటూ మధ్యలో ఆయన చెయ్యి ఆపాడు.

"గ్యాస్ కట్టేశావా?"

"కట్టేశానండీ."

"ఎందుకైనా మంచిది," అని ఆయన ఎంగిలి చేత్తోనే లేచాడు. "ఒకసారి చూసొస్తా."