జోషిత వాళ్ళమ్మ వచ్చారా?

దాలినాయుడు బడి వరండాలో నడుస్తున్నాడు. నేల తడిగా, నల్లగా, తాను రోజూ ఫ్యాక్టరీలో నునుపు పట్టించే రాతి పలకలాగే మెరుస్తోంది, ఆ మెరుపులో తన మొహమే తలకిందులుగా తనతోపాటు నడిచివస్తోంది, పక్కన తరగతి గదులు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి గాని ఏ గదికీ గుమ్మం కనబడడం లేదు, గోడల వెనక పిల్లలు ఎక్కాలు చదువుతున్న గోల మాత్రం రాయి కోసే మిషను మోతలాగా ఆగకుండా వినబడుతోంది. తాను ఎందుకొచ్చాడో అతనికి తెలుసు. ఇవాళ తల్లిదండ్రుల మీటింగు. కూతురు జోషిత రెండో తరగతి, అదీ తెలుసు. ఆ రెండో తరగతి ఎక్కడ కూర్చుంటుందో మాత్రం తెలియదు. అడుగుదామంటే వరండాలో ఉన్నవాళ్ళందరూ ఆడవాళ్ళే, అందరూ వీపులు ఇటే తిప్పి కూర్చున్నారు.

ఆ వరసకి చివర, మెట్టు మీద, ఒళ్ళో చేట పెట్టుకుని పైడితల్లి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

పైడితల్లి అతని భార్య. ఆమె పోయిందన్న సంగతి దాలినాయుడికి ఈ వరండాలో కూడా గుర్తుంది. వానాకాలంలో, వాళ్ళమ్మకి కంటి ఆపరేషనని శ్రీకాకుళం పక్కన ఉన్న పుట్టింటికి పిల్లతో వెళ్ళి, అక్కడ జ్వరం తగిలి, అతను రైలు దిగేసరికే మాట పడిపోయి, పోయింది. అవన్నీ గుర్తున్నాయి గాని అవేవీ ఇప్పుడు ఆమె ఇక్కడ కూర్చోవడానికి అడ్డుగా అనిపించడం లేదు. మనిషి పోయింది, మీటింగుకి వచ్చింది, రెండూ నిజమే అన్నట్టుగా అతను వెళ్ళి పక్కన కూర్చుంటాడు.

"ఇంతాలస్యమయినాదేటి మావా?" అంటుంది ఆమె తలెత్తకుండా.

"గది దొరకనేదు."

"దొరకదు. నువ్వెప్పుడొచ్చినావని?"

ఆ మాటలో కోపం లేదు. ఆమె వేళ్ళు బియ్యంలో తిరుగుతూనే ఉన్నాయి. మధ్యాహ్న భోజనం వండేముందు బియ్యం చూడడానికి తల్లుల్లో ఎవరైనా రమ్మని టీచరు అడిగితే, బతికున్నప్పుడు అందరికన్నా ముందు చెయ్యెత్తింది తనే. ఒంగోలు పక్కన ఈ ఊరికి పని వెతుక్కుంటూ వచ్చినప్పుడు వాళ్ళకి ఎవరూ తెలియదు. ఫ్యాక్టరీ దాలినాయుడిని మింగేసింది. పైడితల్లికి మాత్రం బడి దొరికింది. రోజూ పిల్లని దింపడానికి వెళ్ళి గేటు దగ్గరే నాలుగు మాటలు, తీసుకురావడానికి వెళ్ళి మరో నాలుగు మాటలు, అలా మాట్లాడి మాట్లాడి ఊరు మొత్తం మీద తనకంటూ ఒక మనిషిని సంపాదించుకుంది. ఆ మనిషి మస్తానమ్మ టీచరు.

జోషిత బళ్ళో చేరిన కొత్తలో "ఏటి", "నాను" అంటే తోటిపిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. పిల్ల మాట్లాడడం మానేసింది. పైడితల్లి ఆ సంగతి టీచరు చెవిన వేసింది. మర్నాడు టీచరు జోషితని ముందు నిలబెట్టి, "మీ ఊళ్ళో ఆడపిల్లని ఏమంటారమ్మా? తొందరగా రమ్మనాలంటే ఎట్లా పిలుస్తారు?" అని ఒక్కొక్క మాటే అడిగి, క్లాసంతటి చేత పలికించింది. ఆ సాయంత్రం రోడ్డు మీద పిల్లలందరూ "గుంటా, బేగి రా!" అని ఒకళ్ళనొకళ్ళు పిలుచుకున్నారు. పైడితల్లి ఇంటికొచ్చి ఆ కథంతా చెప్తూ ఎంత నవ్విందో, డ్యూటీకి వెళ్ళే తొందరలో అన్నం తింటూ విన్నా దాలినాయుడికి గుర్తుండిపోయింది. బడి గురించి ఆమె చెప్పినవాటిలో అతనికి మిగిలింది ఆ ఒక్కటే. మిగతావన్నీ ఆమెకే తెలుసు. ఆమెకి తెలిస్తే చాలు అనుకునేవాడు.

"సెప్పు మావా," అంటోంది పైడితల్లి. "గుంట ఇప్పుడెవుల పక్కన కూకుంటన్నాది?"

దాలినాయుడు ఆలోచిస్తాడు. ఆలోచిస్తూ ఉండగా ఆమె ఏరి పారేసిన రాళ్ళు మెట్టు మీద పడి పెద్దవవుతున్నాయి, పలకలవుతున్నాయి, అతను ఒకదాన్ని దగ్గరికి లాక్కుని పని మీద ఉన్నట్టు అరచేత్తో రుద్దడం మొదలుపెడతాడు.

"పోనీ అన్నం తింటన్నాదా? గుడ్డులో సొన తినదు, పక్కదాని పళ్ళెంలో ఏసేస్తాది. సూడమని టీచరుకి సెప్పినాను. సూస్తన్నాదా?"

"సూస్తాదిలే."

"ఎక్కాలు ఎక్కడిదాకొచ్చినాయి? దానికి జత కుదిరిన పిల్ల ఉన్నాదే, పళ్ళూడిపోనాయి, దాని పేరేటి? సెప్పు."

"నాకు తెల్దే."

"నీకు తెల్దు," అంటుంది ఆమె మెల్లగా, తిట్టినట్టు కాదు, దెబ్బ తగిలిన చోటు తడిమి చూసినట్టు. "మరి నాకెవులు సెప్తారు మావా? అప్పుడు నాను సెప్పేదాన్ని, నువ్వు ఇనేవోడివి. ఇప్పుడు నాను ఎల్లనేను, సూడనేను. ఇంక నువ్వే సెప్పాల, నాను ఇంటాను. అలాగ కాదేటి?"

అతను తల దించుకుంటాడు. నిజమే కదా అనిపిస్తోంది, ఇంత చిన్న సంగతి తనకి ఇన్నాళ్ళూ తోచలేదేమిటా అని ఆశ్చర్యంగా ఉంది, ఇప్పుడే లేచి వెళ్ళి జోషితని అడిగి అన్నీ తెలుసుకుని తిరిగి రావాలనుంది, కాని లేస్తే ఈ మెట్టు మళ్ళీ ఉంటుందో ఉండదో అని భయంగా ఉంది.

అప్పుడు ఎక్కడో ఒక గదిలోంచి మస్తానమ్మ టీచరు గొంతు వినబడుతుంది.

"జోషిత వాళ్ళమ్మ వచ్చారా?"

పైడితల్లి చేట కింద పెట్టి గబగబా లేచి, కొంగు సర్దుకుని, గొంతు వచ్చిన వైపు నాలుగడుగులు వేస్తుంది. ఆమె వేసిన అడుగుల మేర గది వెనక్కి జరుగుతుంది. ఇంకా నడుస్తుంది, గది ఇంకా జరుగుతుంది. కాసేపు నిలబడి చూసి, తిరిగొచ్చి మెట్టు మీద కూర్చుంటుంది.

"సూసినావా? రోజూ ఇదే వరస. పిలుస్తాది. నాను ఎల్లనేను. పిలిచినా రాదు, పొగరెక్కినాది అనుకుంటాది పాపం. నా ఫోనెక్కడెట్టినావు?"

"ఇంట్లోనే ఉన్నాది. ఆపేసి బియ్యం డబ్బా ఎనకాలెట్టినాను."

"టీచరు దానికే సేస్తన్నాది మావా. బళ్ళో నాను రాయించిన నంబరు అదే."

ఆమె అంటూ ఉండగానే ఫోను మోగుతోంది. డబ్బా వెనక నుంచి కాదు, నేల కింద నుంచి. దాలినాయుడు మోకాళ్ళ మీద వంగి చూస్తే నల్లరాతి అడుగున, చాలా లోతున, నీలం వెలుగు వెలిగి ఆరిపోతోంది, వెలిగి ఆరిపోతోంది. రాతిని తుడుస్తాడు. నీళ్ళు పోసి రుద్దుతాడు. అలవాటైన పని, చేతులు వాటంతటవే తిరుగుతున్నాయి, కాని రుద్దినకొద్దీ రాయి నునుపెక్కి తన మొహమే ఇంకా ఇంకా స్పష్టమవుతోంది, ఆ మొహం కింద వెలుగు ఆనవాలు లేకుండా పోతోంది. మోత మాత్రం ఆగదు.

"నాను పోయినానని ఎందుకు సెప్పనేదు మావా?" అని అడుగుతుంది పైడితల్లి.

అతని చేతులు ఆగిపోతాయి.

"ఎవులికి?"

"టీచరుకి. పక్కింటోల్లకి. నీతో పనిసేసినోల్లకి. ఈ ఊళ్ళో ఒక్కలికీ సెప్పనేదు నువ్వు."

ఆమె మొహంలోకి చూసి చెప్పాలనుకుంటాడు గాని, చూడబోతే మొహం ఉండవలసిన చోట ఎండ పడుతోంది. ఆ ఎండతోనే మాట్లాడతాడు. "నీ దినాలయ్యాక గుంటని తీసుకుని రైలు దిగినాను. పక్కింటావిడ గుమ్మంలోనే ఎదురొచ్చి, మీ ఇంటామె రాలేదా అనడిగినాది. ఊళ్ళో ఉండిపోనాది, వస్తాది అన్నాను. ఎందుకన్నానో నాకే తెల్దు. నోటికొచ్చేసినాది. మర్నాడు ఇంకోలు అడిగినారు, అదే అన్నాను. మీ వోళ్ళకి తెల్సు, మా వోళ్ళకి తెల్సు, అక్కడ నువ్వు పోయినావు. ఇక్కడ పోనేదు. ఈ ఊళ్ళో నువ్వింకా పుట్టింటికెల్లినావు, వస్తావు. ఆ ఒక్క మాటా అనేస్తే ఇంకెక్కడా ఉండవు కదే పైడీ."

వరండాలోకి నీళ్ళు వస్తున్నాయి, రాతి మిషన్ల కింద పారే తెల్లటి బురదనీళ్ళు, మెట్లెక్కి పైడితల్లి పాదాల దాకా వస్తున్నాయి. ఆమె పాదాలు తీయదు.

"అనకపోతే వస్తానేటి మావా?" అంటుంది.

అతను ఏడుస్తాడు. ఏడుపు చప్పుడు ఎక్కాల గోలలో కలిసిపోతుంది. ఆమె చెయ్యి వచ్చి అతని తల మీద పడుతుంది, తేలికగా, బియ్యపు నూక అంటిన గరుకు చెయ్యి, ఆ గరుకుతనం మాత్రం కలలోది కాదనిపించేంత నిజంగా ఉంది. ఇంకేదో చెప్పాలని ఉంది అతనికి, రైలు ఆలస్యమైందనీ, స్టేషను నుంచి పరిగెత్తాడనీ, తాను మంచం పక్కకి వచ్చేసరికి ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి గాని చూసిందో లేదో ఇప్పటికీ తెలియదనీ.

"నన్ను సూసినావా?" అని మాత్రం అడగగలుగుతాడు.

"సూసినాను. సొక్కా గుండీలు తప్పెట్టుకుని వచ్చినావు."

బెల్లు కొడుతున్నారు. వరస వరసంతా ఆడవాళ్ళు లేచి చీరలు దులుపుకుంటున్నారు. పైడితల్లి కూడా లేస్తుంది.

"ఎక్కడికే?"

"మీటింగయిపోతే ఎవులింటికి ఆళ్ళు ఎల్లరేటి?"

ఆమె వాళ్ళలో కలిసిపోతుంది. అన్నీ వీపులే, అన్నీ ఒకే రంగు చీరలే, అతను నీళ్ళలో తడబడుతూ వెనకాలే వెళ్తూ "పైడీ" అని పిలుస్తాడు, ఎవరూ తిరగరు. అప్పుడు మస్తానమ్మ టీచరు గొంతు ఇంకోసారి, ఈసారి దూరం నుంచి కాదు, అతని చెవి పక్కనే, "జోషిత వాళ్ళమ్మ వచ్చారా?" అంటుంది. ఆ మాటకి తల్లులందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి అతనికేసి చూస్తారు. జవాబు అతనే చెప్పాలి. చెప్పడానికి నోరు తెరుస్తాడు. నోటి నిండా రాతిపొడి.

"నాన్నా! నాన్నా, లెగు!"

దాలినాయుడు కళ్ళు తెరిచేసరికి రేకుల కప్పు కింద గది ఉడికిపోతోంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నవాడు, సాయంత్రం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. దిండు తడిసి ఉంది. జోషిత భుజాన బ్యాగు తీయకుండానే మంచం పక్కన నిలబడి అతని చెయ్యి పట్టుకు ఊపుతోంది.

"రేపు బళ్ళో మీటింగంట. అమ్మని తప్పకుండా తీసుకురమ్మన్నారు టీచరు."

అతను లేచి కూర్చున్నాడు. కాసేపు తాను ఏ వైపున ఉన్నాడో అర్థం కాలేదు. గోడకి తగిలించిన తన చొక్కా, మూల నీళ్ళ బిందె, పిల్ల మొహం, ఒక్కొక్కటే చూసుకున్నాక మెల్లగా అడిగాడు.

"నువ్వేటి సెప్పినావు?"

"అమ్మ ఊరెల్లింది, ఇంకా రానేదు అని సెప్పినాను. ఎప్పుడడిగినా అలాగే సెప్తన్నాను."

"ఎందుకలాగ సెప్పినావమ్మా?"

"నువ్వు అందరికీ అలాగే సెప్తన్నావు కదా."

ఆ గొంతులో ఫిర్యాదు లేదు. ఇచ్చిన పాఠం తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లలాగా నిలబడి ఉంది. అమ్మమ్మ ఇంటి వాకిట్లో తల్లి తల దగ్గర కూర్చుని చివరిదాకా చూసిన పిల్ల. అందరికన్నా దగ్గరగా చూసిన పిల్ల. తిరిగొచ్చాక ఒక్కసారి కూడా తల్లి మాట ఎత్తలేదని, చిన్నది కదా, మరిచిపోతోందిలే అని దాలినాయుడు మనసుకి సర్దిచెప్పుకుంటూ వచ్చాడు. మరిచిపోలేదు. తండ్రి దాచినదాన్ని తానూ దాచిపెట్టుకుని, రోజూ బడికి మోసుకెళ్ళి, ఇంటికి మోసుకొస్తోంది.

అతను పిల్ల భుజం మీద నుంచి బ్యాగు తీసి పక్కన పెట్టాడు.

"రేపు నానొస్తాను."

"నువ్వొస్తే అమ్మేది అనడుగుతారు నాన్నా."

"అడుగుతారు."

"మరి ఏటి సెప్దాం?"

బయట ఎవరో కుళాయి దగ్గర బిందె కడుగుతున్న చప్పుడు. ఆ చప్పుడు ఆగేదాకా ఆగి, "అమ్మ పోయిందని సెప్దాం," అన్నాడు.

ఈ ఊళ్ళో ఆ మాట పలకడం అదే మొదటిసారి. జోషిత అతని మొహంకేసి చాలాసేపు చూసింది, ఇంక నిజంగా అనొచ్చునా అని అడుగుతున్నట్టు. తండ్రి ఒళ్ళో మొహం దాచుకుని, ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఎవరూ ఏడవని ఏడుపు ఏడ్చింది. అతను ఊరుకోమనలేదు. వీపు నిమురుతూ కూర్చున్నాడు.

ఎండ గుమ్మం దాటి వెళ్ళిపోయాక, ఎక్కిళ్ళ మధ్య పిల్ల తలెత్తింది.

"టీచరుకి ఎవులు సెప్తారు? నేనా, నువ్వా?"

"నాను సెప్తాను. నువ్వు నా పక్కనుండు."

"మీటింగులో పిల్లల బెంచీల్లోనే కూకోవాల నాన్నా. అవి సిన్నవి. నువ్వు పట్టవు."

"పడతానమ్మా," అన్నాడు దాలినాయుడు. "ఒదిగి కూకుంటాను."