మూడోసారి అడగని మాట

ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడ జారిపోయి ఉంటాయి, దిద్దుకుని చదవండి, మనవలతో పాటు పలక పట్టినదాన్ని, మనసు పరిగెత్తినంత వేగంగా నా చెయ్యి నడవదు.

గుడారం తాడు మళ్లీ వదులైంది, ఇసుకలో మేకు నిలవదని నిన్నే చెప్పాను కదా అనుకుంది గోల్‌నార్, చెప్పానా, లేక మనసులో అనుకుని ఊరుకున్నానా, ఈమధ్య రెండూ ఒకటే అయిపోతున్నాయి, మొగుడు ఎస్కందర్ అప్పుడే లేచి పుల్లల మంట మీద టీ కాస్తున్నాడు, అతని వెనక పాత కోట, ఏ రాజుల నాటిదో, మట్టిగోడలు మాడిన రొట్టె అంచుల్లా విరిగి నిలబడ్డాయి, పెళ్లైన కొత్తలో వచ్చినప్పుడు ఈ బురుజుకి పైకప్పు ఉండేది, ఏ వానకు కూలిందో, వాన పడదనుకునే చోట ఒక్క వాన చాలు, ఇవాళ శుక్రవారం, సెలవు ఇవాళ్టితో సరి, రేపు పొద్దున్నే అతను దక్షిణాన రేవు పనికి వస్తానో రానో ఫోన్లో చెప్పాలి, వస్తానంటే మూడేళ్లు, భార్యలకు చోటు లేని కాంపు, అంత ఎండలో మనిషి ఏమై తిరిగొస్తాడో, అసలు తిరిగి నా దగ్గరికే వస్తాడో, టీ తీసుకో గోలీ జాన్, కలకండ వేశాను అన్నాడు, నీ చేతులకు నొప్పి రాకూడదు అంది, మేలు చేసిన పెద్దవాళ్లతో అనే మాట, అబ్బో, ఇంత మర్యాద ఎందుకమ్మా, నేనేమైనా మీ మేనత్తనా అని నవ్వాడు, ఆమెకు నవ్వు రాలేదు, గ్లాసు వేళ్లను కాలుస్తున్నా కింద పెట్టలేదు.

పై కోటకు దారి ఎండిపోయిన భూగర్భ కాలువ వెంట పోతుంది, అతను ముందు, ఆమె వెనక, అతని బూట్ల కింద పెంకులు టకటకమంటున్నాయి, ఎవరి వంటింటి కుండలో, ఆ ఇల్లాలు కూడా ఇలాగే ఎవరికైనా వెళ్లమని చెప్పి ఉంటుందా, నేను చెప్పాను, కొత్తిమీర కడుగుతుంటే వెనక నిలబడి అడిగాడు, గోలీ, వెళ్లనా, మానెయ్యనా అని, నా గురించి ఆలోచించకు, నీకు మంచిదైతే వెళ్లు అన్నాను, కుళాయి కట్టేయకుండానే అన్నాను, మళ్లీ నిన్న కారులో, పొద్దుతిరుగుడు గింజలు ఒలిచి నా అరచేతిలో వేస్తూ, నిజంగానే వెళ్లమంటావా అన్నాడు, అయ్యో, నేనేం చంటిపిల్లనా, హాయిగా వెళ్లిరా అన్నాను, అని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, మూడోసారి అడుగుతాడని, అడగలేదు, రేడియో పెట్టాడు, చూసుకుని నడువు, అక్కడ గొయ్యి ఉంది అంటున్నాడు ఇప్పుడు, గొయ్యి కనిపిస్తుంది ఇతనికి, నేను కనిపించను.

కూలిన గోడ నీడలో గాడిదను ఆపి ఒక ముసలాయన కూర్చున్నాడు, ఆనకట్ట అవతల ఊరివాడట, చూడగానే లేచి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు, మా గుమ్మం ముందు నుంచి ఇలా పోతారా, రండి, మా ఆవిడ ఆబ్‌గూష్త్ వండుతోంది, వేడి వేడి మాంసం పులుసు అన్నాడు, మీ నీడ తగ్గకూడదు బాబాయ్, మీకు శ్రమ అన్నాడు ఎస్కందర్, శ్రమేంటయ్యా, మీరొస్తే నా ఇంటికి వెలుగు, వద్దండి, మా రొట్టె మాకుంది, నా ప్రాణం మీద ఒట్టు, ఒక్క ముద్ద తినండి అన్నాడు ముసలాయన మూడోసారి, ఈసారి కూడా ఎస్కందర్ వద్దంటే గాడిద మెడ మీద చరిచి, పోనీలే, మాంసం తక్కువే ఉంది, మా ఆవిడ నన్ను చంపేసేది అని పకపకా నవ్వాడు, ముగ్గురూ నవ్వారు, కానీ గోల్‌నార్ అందరికంటే ముందు ఆపేసింది, ముక్కూ మొహం తెలియనివాడు, ఇంట్లో మాంసం చాలనివాడు, వాడు కూడా మూడుసార్లు అడిగాడు, అమ్మ ఎన్నిసార్లు చెప్పింది, రెండుసార్లు వద్దనాలే పిల్లా, మొదటిసారే ఊఁ అంటే ఆకలిగొట్టుదంటారు, మూడోసారికి తల వంచి సరే అనాలి, అలా రెండుసార్లు వద్దని, ఇంటివాళ్లు మళ్లీ అడగక, మా పిన్ని పెళ్లివారింట్లో పస్తు పడుకుంది, ఏడాదంతా చెప్పుకుని ఏడ్చింది, నేనూ అలాగే పస్తుంటానా మూడేళ్లు, అంటే ఇతని రెండు మాటలూ వట్టి మర్యాదకే, నేను ఉండమంటానేమోనని భయపడుతూ అడిగాడు, వెళ్లమనగానే ఆ గాడిద ముసలాయనలాగే లోపల్లోపల నవ్వుకున్నాడు, ఏంటలా చూస్తావ్ అన్నాడు ఎస్కందర్, ఏం లేదు, ఎండ అంది.

పైన గది లాంటి చోటు, కప్పు లేదు, నాలుగు గోడల్లో రెండు ఉన్నాయి, అతను గుమ్మం ఉండాల్సిన చోట రాయి మీద కూర్చుని బూట్లలో ఇసుక దులుపుకుంటున్నాడు, ఆమె లోపల గోడకు ఆనుకుంది, గోడ చల్లగా ఉంది, అతను తల ఎత్తకుండానే అన్నాడు, నా బట్టలు చిన్న పెట్టెలో పడతాయి గోలీ, అలమారా అంతా నువ్వే వాడుకో, ఇంక నీకు శ్రమ తగ్గిస్తాను, అని బూటు తొడుక్కున్నాడు, శ్రమ తగ్గిస్తాను, ఎవరనే మాట ఇది, విందుకొచ్చినవాళ్లు కదా అనేది, చాప మీంచి లేస్తూ, గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటూ, ఇంక మీకు శ్రమ తగ్గిస్తాం, సెలవిప్పించండి అంటారు, అప్పుడు ఇంటివాళ్లు చెయ్యి పట్టుకోవాలి, ఎక్కడికి, ఇప్పుడేగా వచ్చారు, కూర్చోండి అనాలి, ఎంత పిసినారి ఇంట్లోనైనా అంటారు, అనకపోతే ఆ మనిషి ఇంక ఆ గడప తొక్కడు, అయితే కొత్తిమీర కడుగుతుండగా వెళ్లనా అన్నదీ అదేనా, కారులో గింజలు ఒలుస్తూ అన్నదీ అదేనా, నేను చాప మీద కూర్చున్న అతిథిననుకున్నాను, నన్ను బతిమాలాలని ఎదురుచూశాను, అతిథి అతను, గుమ్మంలో నిలబడింది అతను, ఇల్లు నాది, అడగాల్సింది నేను, నేనేం చేశాను, లేచీ లేవకముందే వెళ్లిరా అన్నాను, చెప్పులు కూడా తెచ్చి కాళ్ల ముందు పెట్టాను.

ఉండిపో ఎస్కందర్ అంది, అతను లేసు కట్టుకుంటున్న చేతులు ఆపి చూశాడు, కళ్లు ఒకసారి ఆర్పాడు, తర్వాత మళ్లీ తల వంచి, అబ్బే, నా గురించి నువ్వెందుకు ఇబ్బంది పడతావ్ గోలీ జాన్ అన్నాడు మెల్లగా, మర్యాదగా, మేనత్తతో మాట్లాడినట్టు, ఆమె గోడను వదిలి వచ్చి అతని పక్కన రాయి మీద కూర్చుంది, ఇది ఒకటోది, ఇంకా రెండుసార్లు అడగాలి.

ఇది రాసింది ఖైరున్నిసా, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడు ఉంటున్నది యజ్ద్ పట్నంలో, చిన్నమ్మాయి ఇంట్లో.