ఆకుపచ్చ చుక్క పెట్టిన బోల్టు

పడవ ఇంజన్ల పనిలో నన్ను మించినవాడు ఈ ఒడ్డున లేడు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి, అవతలి ఒడ్డున కూడా లేడు. ముప్పై ఎనిమిదేళ్లుగా రేవు పక్కన రేకుల షెడ్డులో కూర్చుని, పాత సామాన్లవాడికి వేసేయమని అందరూ తీర్మానించిన ఇంజన్లను లేపి నీళ్ల మీద పరుగెత్తిస్తున్నాను. కొత్త ఇంజన్ కొనుక్కోమని చెప్పడానికి మెకానిక్ ఎందుకు, దుకాణంవాడు చాలు. పాతదానిలో ఎక్కడో నక్కి ఉన్న వేగాన్ని చెవి పట్టుకుని బయటికి లాగాలి. అదీ పనంటే.

అందుకే సోమవారం పొద్దున్న మా అమ్మాయి తన పడవ తెచ్చి షెడ్డు ముందు కట్టేసి, "నాన్నా, నాకు నాలుగు నిమిషాలు కావాలి" అన్నప్పుడు నేను చేతిలో టీ గ్లాసు కూడా కింద పెట్టలేదు.

"నాలుగు నిమిషాలు ఆగమంటావా, తగ్గించమంటావా?"

"తగ్గించాలి. శుక్రవారం లోపల."

సంగతి ఇదీ. అవతలి ఒడ్డున ఉన్న చిన్న ఆస్పత్రి నుంచి రోగుల్ని ఇవతల పెద్దాస్పత్రికి చేర్చే పని పన్నెండేళ్లుగా మా అమ్మాయిది. ఎనిమిది కిలోమీటర్ల నీళ్లు, పందొమ్మిది నిమిషాల ప్రయాణం. ఇప్పుడు ఆస్పత్రి మేనేజరు కొత్త షరతు పెట్టాడు. పదిహేను నిమిషాల్లో దాటే పడవకే పని. శుక్రవారం ఉదయం పరీక్ష. పడవ మా రేవులో బయలుదేరుతుంది, అందులో ఒక నర్సు కూర్చుంటుంది, అవతల దిగగానే మేనేజరుకు ఫోన్ చేస్తుంది. తప్పితే ఆ పని కొత్త ఇంజన్లున్న కంపెనీ పడవలకు పోతుంది. మా అమ్మాయి తన పడవ అమ్మేసి ఆ కంపెనీలోనే టికెట్లు చింపాలి. ఆ మాట కంపెనీవాళ్లే దాని మొహం మీద నవ్వుతూ అన్నారట. రేవులో దాన్ని 'నత్త' అంటారు. నత్త వచ్చింది, నత్త పోయింది అని. ఒకటి రెండుసార్లు నేనూ అన్నాను, దాచడం దేనికి.

కొత్త ఇంజన్ కొనే స్తోమత దానికి లేదు, నాకూ లేదు. ఉన్నా కొననిచ్చేవాణ్ణి కాను. ఆ ఇంజన్ నా చేతుల మీదుగా లేచినది.

ముందు బరువు సంగతి చూశాను. పడవ అడుగు పలకలు ఎత్తితే కింద ఒక సంసారం ఉంది. తుప్పు పట్టిన లంగర్లు రెండు, చచ్చిన బ్యాటరీ, నీళ్లు పీల్చిన తాళ్లు, సగం గోనె ఇసుక, మూడు కాళ్ల కుర్చీ ఒకటి.

"ఇది పడవనుకున్నావా, అటకనుకున్నావా? ఈ కుర్చీ ఏ మహానుభావుడిది?"

"నీదే నాన్నా. బాగు చేస్తానని నువ్వే పెట్టావు."

నేను వినిపించుకోలేదు. అన్నీ ఒడ్డున పడేసి కాటా మీద తూస్తే తొంభై నాలుగు కిలోలు. పడవను బోర్లించి అడుగున పట్టిన పాచి, గుల్లలు ఇద్దరం కలిసి గీకాం. మంగళవారం పాత సామాన్ల కొట్టులో ఓ తేలిక ప్రొపెల్లర్ దొరికింది. రెక్కలు కాస్త వంగాయి గానీ మనసు మంచిది. సుత్తితో సరిచేసి బిగించాను. పడవ వెనక తగిలించిన ఇంజన్ నీళ్లలో మరీ లోతుగా మునిగి ఉంది, కింద చెక్క పెట్టి రెండు వేళ్ల ఎత్తు లేపాను. ప్లగ్గులు మార్చాను, కార్బురేటర్ విప్పి కడిగాను. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు. అన్నింటికీ కావలసింది ఒళ్లు వంచడమే.

నా షెడ్డులో ఒక పద్ధతుంది. నేను బిగించిన ప్రతి బోల్టు మీద ఆకుపచ్చ రంగు చుక్క పెడతాను. చుక్క ఉందంటే చూసేశాం, సరిగ్గా ఉంది, ముట్టుకోవద్దని అర్థం. ఈ పద్ధతి వల్ల నాకు ఎంత పని కలిసొచ్చిందో చెప్పలేను. మా అమ్మాయికి పదేళ్లప్పుడే రంగు డబ్బా ఇచ్చి ఇది నేర్పాను.

బుధవారం ఉదయం పడవ నీళ్లలో దించి చూశాం. పదహారున్నర నిమిషాలు. ఇంకెవరైనా అయితే నా కాళ్లకు దణ్ణం పెట్టేవాళ్లు. కానీ కావలసింది పదిహేను. మధ్యాహ్నం నేనూ పక్కన కూర్చుని వెళ్లాను. తేలిక ప్రొపెల్లర్ వేశాక, ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు ముల్లు అయిదున్నర వేలు తాకాలి. అది నాలుగు వేల ఏడు వందల దగ్గర చతికిలబడి ఇక లేవనంది. ఎందుకో నాకు అంతు పట్టలేదు. నాకు అంతు పట్టకపోతే నాకు కోపం వస్తుంది.

"వేగం హ్యాండిల్ పూర్తిగా తోస్తున్నావా అసలు?"

"తోస్తున్నా. ఇంతకంటే పోదు."

"చేతిలో ధైర్యం లేక ఇంజన్ మీద పెడుతున్నావు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. నిన్ను నత్త అని ఊరికే అన్నారా?"

అది నావైపు చూడలేదు. పడవ తిప్పి రేవుకు తెచ్చి, తాడు కట్టి, ఇంటికి నడిచి వెళ్లిపోయింది. అరిచి ఉంటే బాగుండేది. దాని వీపు చూస్తూ నిలబడ్డాను. ముప్పై ఒక్కేళ్ల పిల్లను పట్టుకుని అంత మాట ఎందుకన్నానా అని ఆ రోజంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

నాకు క్షమాపణ చెప్పడం చేతకాదు. ఏదో ఒకటి బాగుచేసి ఇవ్వడం చేతనవును. దాని హ్యాండిల్‌కు ఉన్న రబ్బరు పిడి చిరిగి చాలాకాలమైంది. గురువారం పొద్దున్న కొత్త పిడి తీసుకుని పడవలోకి దిగి, హ్యాండిల్ పెట్టె మూత విప్పాను.

హ్యాండిల్ ముందుకూ వెనక్కూ కదిలే గాడి ఒకటి ఉంటుంది. పన్నెండేళ్ల రాపిడికి ఆ గాడి అంచులు వెండిలా మెరుస్తున్నాయి. అయితే ఆ మెరుపు చివరిదాకా లేదు. చివర రెండు వేళ్ల మేర ఫ్యాక్టరీలో వేసిన నల్లరంగు చెక్కుచెదరకుండా ఉంది. అంటే హ్యాండిల్ అక్కడిదాకా ఒక్కసారి కూడా వెళ్లలేదు. నేను గట్టిగా తోశాను. వెళ్లలేదు.

కేబుల్ పట్టుకుని వెనక్కి నడిచాను. కేబుల్ ఇంజన్‌లోకి వెళ్లి ఒక చిన్న ఇనుప చేతిని లాగుతుంది, ఆ చెయ్యి కార్బురేటర్ నోరు తెరుస్తుంది. ఆ చేతికి అడ్డంగా, ఫ్యాక్టరీవాడు కలలో కూడా పెట్టని బోల్టు ఒకటి నిలబడి ఉంది. నోరు మూడొంతులే తెరుచుకుంటోంది. నాలుగో వంతు వేగాన్ని ఎవడో బిగించి పారేశాడు.

"ఏ దరిద్రుడు చేశాడీ పని?" అన్నాను. రేవు మొత్తం విని ఉంటుంది.

మా ఆవిడ అప్పుడే టిఫిన్ డబ్బాతో వచ్చింది. షెడ్డు గుమ్మంలో నిలబడి నావైపు చూసింది.

"మీరే."

"నేనా?"

"అమ్మాయి మొదటిసారి ఒంటరిగా పడవ తీసుకెళ్లిన వారం. రేవు దాటాక వచ్చే మలుపు దగ్గర పడవ ఒరిగిందని మీకు రెండు రోజులు నిద్ర లేదు. ఓ బోల్టు బిగించొచ్చాను, నెల పోయాక దాని చెయ్యి కుదిరితే తీసేస్తా అన్నారు. నాకు చెప్పి మరీ నిద్రపోయారు." డబ్బా బల్ల మీద పెట్టింది. "పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మీ వరస. సోమవారం నుంచీ తిట్టని మనిషి లేడు."

వంగి చూశాను. బోల్టు నెత్తిన మసి పట్టి ఉంది. బొటనవేలితో తుడిచాను. కింద ఆకుపచ్చ చుక్క.

నాకు తల కొట్టేసినట్టయింది. మంగళవారం కార్బురేటర్ విప్పినప్పుడు ఆ బోల్టు నా కంటబడే ఉంటుంది. చుక్క చూసి చెయ్యి పక్కకు పోయి ఉంటుంది. కార్బురేటర్ నోరు పూర్తిగా తెరుచుకుంటోందా లేదా అనేది ముందు చూడాలి, తర్వాతే మిగతా పని అని నా దగ్గర నేర్చుకున్న ప్రతివాడికీ నేనే పాఠం చెప్పాను.

అమ్మాయి వచ్చేసరికి నేను పడవలోనే కూర్చుని ఉన్నాను. బోల్టు చూపించాను. పక్కన వాళ్లమ్మ మిగతాది చెప్పింది. అమ్మాయి గాడిలోని నల్లరంగు మీద వేలు పెట్టింది.

"మొదటి రోజు నుంచీ హ్యాండిల్ ఇక్కడే ఆగేది. అదే చివరనుకున్నా."

"తల్లీ..."

"రెండేళ్ల కింద ఈ బోల్టు చూశా నాన్నా. ఇదేంటి ఇక్కడ అనుకున్నా. నీ చుక్క ఉంది. నాన్న చూసే ఉంటాడులే అని మూత పెట్టేశా." "ఓ పాప నా పడవలోనే పుట్టింది, తెలుసుగా. ఒడ్డు కనిపిస్తోంది, ఇంకో మూడు నిమిషాలు. నర్సు నావైపు ఓ చూపు చూసింది, ఇంకాస్త తోయలేవా అన్నట్టు. నేను తోస్తూనే ఉన్నా. పన్నెండేళ్లు నన్ను నేనే పిరికిదాన్ననుకున్నా."

"తప్పు నాదే" అన్నాను. ఆ మాట నా నోట రావడం మా ఆవిడ కూడా అదే మొదటిసారి వినడం. పది నంబరు స్పానర్ తీసి బోల్టుకు తగిలించాను. తర్వాత ఎందుకో ఆగి, స్పానర్ దాని చేతికిచ్చాను.

తుప్పుకి బోల్టు మొరాయించింది. అమ్మాయి పళ్లు బిగించి తిప్పింది. ఊడిన బోల్టును నా అరచేతిలో పెట్టింది. హ్యాండిల్ తోస్తే గాడిలో నల్లరంగు గీసుకుంటూ చివరిదాకా వెళ్లి ఆగింది. ఆ సాయంత్రం గాలి ఎక్కువగా ఉండి పడవ తీయలేదు.

శుక్రవారం ఉదయం నీళ్లు అద్దంలా ఉన్నాయి. మేనేజరు చేతి గడియారం చూసుకుంటున్నాడు. పడవలో పాప పుట్టినప్పుడు ఉన్న నర్సే వచ్చి కూర్చుంది. నేను కూడా ఎక్కి అమ్మాయి పక్కన సర్దుకున్నాను. పూర్తి వేగం దానికి ఇదే మొదటిసారి. మలుపు ఉంది. పక్కన ఒక మనిషి ఉంటే మంచిది కదా.

అది నన్ను ఎగాదిగా చూసింది.

"నీ బరువెంత నాన్నా?"

"ఎనభై రెండు. ఏం?"

"తొంభై నాలుగు కిలోలు దించి ఎనభై రెండు ఎక్కిస్తావా? దిగు."

నర్సు మొహం పక్కకు తిప్పుకుంది నవ్వాపుకోలేక. నేను దిగాను. దిగి, రేవు అంచున వంగి, "మలుపు దగ్గర..." అన్నాను.

"ఊఁ, మలుపు దగ్గర?"

"ఏం లేదు. నీకు తెలుసు."

అది నవ్వింది. బుధవారం తర్వాత నావైపు చూసి నవ్వడం అదే మొదలు. ఇంజన్ మోగింది. దాని చెయ్యి ముందుకు కదిలి, రోజూ ఆగే చోట ఆగలేదు. ముప్పై ఎనిమిదేళ్లలో ఎన్ని ఇంజన్లు విన్నానో, అంత కమ్మగా ఏదీ మోగలేదు. పడవ ముక్కు లేచి నీళ్ల మీద సమంగా పడి దూసుకుపోయింది. మలుపు దగ్గర నేను కళ్లు మూసుకోలేదు. కాస్త ఒరిగింది. అమ్మాయే సర్దుకుంది. ఆ తర్వాత చిన్నదైపోయి కనబడలేదు.

జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. బోల్టు అక్కడే ఉంది. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

మేనేజరు ఫోన్ మోగింది. విని, గడియారం మరోసారి చూసుకున్నాడు.

"పదమూడు నిమిషాల యాభై సెకన్లు." నావైపు తిరిగాడు. "ఇంత పాత ఇంజన్‌లో అంత వేగం ఎక్కడి నుంచి తెచ్చారండీ?"

మామూలుగా అయితే ఆ ప్రశ్నకు నా దగ్గర గంటన్నర జవాబుంది. ప్రొపెల్లర్‌తో మొదలుపెడతాను.

"వేగం ముందు నుంచీ ఉందండీ" అన్నాను. "అడ్డం పెట్టింది నేను. తీసింది మా అమ్మాయి."